వీరేశం సార్ తిరిగిన మూడు బళ్లు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, బడులు తెరిచిన కొత్తలో, సూర్యాపేటలో హెడ్మాస్టరు పంతుళ్లందరినీ పిలిచి ఇకమీదట పాఠాలన్నీ తెలుగులోనే చెప్పాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వీరేశం కూడా కొట్టాడు. కొడుతుండగానే గుండె జారింది.

అతను సాలెల ఇంట పుట్టినవాడు. ఇంట్లో, మగ్గం దగ్గర, అంగట్లో మాట్లాడేది తెలుగే. కానీ సర్కారు కొలువు కావాలంటే ఉర్దూ రావాలని తండ్రి అతన్ని పసితనంలోనే మౌల్వీ సాబు ముందు కూర్చోబెట్టాడు. చదివిందంతా ఆ భాషలోనే. ఇన్నేళ్లుగా పిల్లలకు భూగోళం చెబుతున్నదీ అందులోనే. తెలుగు అక్షరాలంటారా, దుకాణాల బోర్డులు కూడబలుక్కునేంతవరకే. రాయబోతే చెయ్యి కుడి నుంచి ఎడమకు పోయేది.

"మన మాటే గదా, మీకెందుకింత పరేషాన్?" అంది భార్య సక్కుబాయి.

"మాట మనదే. సదువే మనది గాకపాయె."

హెడ్మాస్టరు మంచివాడు. "పై అధికారి తనిఖీకొస్తడు. ఆయన వచ్చేలోపల కోదాడ, మిర్యాలగూడ బళ్లు సూసిరా వీరేశం. నీకు ఏది కుదురుతదనిపిస్తే ఆడికి బదిలీ రాయిస్త" అన్నాడు.

మొదట కోదాడ వెళ్లాడు. అవి పంతుళ్లలో కూడా కమ్యూనిస్టులను వెతికే రోజులు. దారిలో మిలిటరీవాళ్లు బస్సు ఆపారు. ఉన్న బడి విడిచి వేరే బడులు చూడ్డానికి పోవడమేమిటని అతన్ని ఎండలో నిలబెట్టి, అడిగిందే అడిగి, చివరకు పొమ్మన్నారు.

కోదాడ హెడ్మాస్టరు వెంకటప్పయ్యది సరిహద్దు అవతల నందిగామ వైపు. మజ్జిగ ఇప్పించి, "ఏదీ, మా పిల్లలకు ఒక పాఠం చెప్పండి, విందాం" అన్నాడు. వీరేశం బోర్డు మీద దేశపటం గీశాడు. గీతలో అతనికి తిరుగులేదు. నోరు విప్పాకే చిక్కొచ్చింది.

"మూడు దిక్కుల నీళ్లు, ఒక్క దిక్కు భూమి ఉంటది. దాన్ని జజీరానుమా..." అని నాలుక కరుచుకున్నాడు. ఆ మాటకు తెలుగు ఎంత తడిమినా దొరకలేదు.

"ద్వీపకల్పమండీ!" అని ముందు వరుస పిల్లలు అరిచారు.

"ఆఁ, అదే. ఇగ కృష్ణ గీడ మలుగుతది, సూడుండ్రి" అనేసరికి ఆ యాసకు తరగతంతా గొల్లుమంది.

బయటికొచ్చాక వెంకటప్పయ్య మెల్లగా అన్నాడు. "మీకు విషయం తెలుసు, కాదనను. కానీ ఇక్కడి తల్లిదండ్రులు మా బడిని బెజవాడ బళ్లతో పోల్చి చూస్తారండీ. మీరొస్తే నన్ను నిలదీస్తారు."

వీరేశం తలూపాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే అతన్ని మరింత కుంగదీసింది.

హుజూర్‌నగర్ మీదుగా దొరికిన బండినల్లా ఎక్కి మిర్యాలగూడ చేరాడు. అక్కడ దస్తగీర్ ఉన్నాడు, ట్రైనింగులో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. ఆ బడిలో ఉర్దూ తరగతులు ఇంకా నడుస్తున్నాయి. వరండాలో నిలబడి తనకు తెలిసిన మాటల్లో తనకు తెలిసిన పాఠం వింటుంటే వీరేశానికి ప్రాణం లేచొచ్చింది.

"నన్ను ఇక్కడ వేయించుకో" అని ఉర్దూలోనే అడిగాడు.

దస్తగీర్ కూడా ఆ భాషలోనే జవాబు చెప్పాడు. "పిల్లలు తగ్గిపోతున్నారు. ఈ తరగతులు ఎత్తేస్తే నాకు తెలుగు రాదని నన్ను పట్నంలోని ఉర్దూ బడికి పంపుతారు. నువ్వు తెలుగువాడివి. నీకు తెలుగు రాదంటే ఎవరు నమ్ముతారు? ఉర్దూ తరగతి నీకెందుకిస్తారు?"

వీరేశం స్నేహితుడి ఇంట్లో అన్నం తిని సూర్యాపేట దారి పట్టాడు.

ఇంటికి రాగానే సక్కుబాయి కాళ్లకు నీళ్లిచ్చి, "మనూరి బడితోటి మూడిట్ల ఏ బడి మంచిగున్నది?" అని అడిగింది.

"అన్నీ మంచిగనే ఉన్నయి. నాకే జాగ లేదు."

ఆ వారమే అధికారి వచ్చాడు. ఇక దాక్కోవడానికి చోటు లేదు గనక వీరేశం ఒక తెగింపుకొచ్చాడు. పుస్తకం మూసేసి, తన తల్లితో మాట్లాడినట్టే పాఠం చెప్పాడు. మూసీ ఎట్ల పుడతది, యాడ తిరుగుతది, వాడపల్లి కాడ కృష్ణల ఎట్ల కలుస్తది. ఉర్దూ పాఠాలప్పుడు గోడకు ఆనుకుని కునికే పిల్లలు కూడా ముందుకు వంగి విన్నారు. ఒకడు లేచి, "సార్, మా ఊరి వాగు గూడ గాడికే పోతదా?" అని అడిగాడు. ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ ప్రశ్న అడిగింది లేదు. వీరేశం ముఖం విప్పారింది.

అధికారి ముఖం మాత్రం ముడుచుకుంది. "ఇది ఇంట్లో మాట్లాడే భాష. బడిలో చెప్పే భాష కాదు. తెలుగు పరీక్ష పాసవ్వండి. అందాకా ఒకటో తరగతి చూడండి" అని తేల్చేశాడు.

"పిల్లలకు సమజైంది గద సార్" అన్నాడు వీరేశం.

ఆయన అప్పటికే తలుపు దాటాడు. హెడ్మాస్టరు వెనక నిలబడి, "కొలువైతే పోలె. అదే పదివేలనుకో" అన్నాడు గొంతు తగ్గించి.

మర్నాటి నుంచి వీరేశం ఒకటో తరగతిలో కూర్చున్నాడు. చిన్న గది, ఒకే కిటికీ. పసిపిల్లలు పలకల మీద దిద్దుతుంటే, వాళ్ల కంటే ఒక్క అక్షరం ముందుండడానికి అతను తంటాలు పడేవాడు. ఋ రాసి, తుడిచి, మళ్లీ రాసేవాడు.

ఒక మధ్యాహ్నం అతని పాత తొమ్మిదో తరగతి పిల్లలు కిటికీ పక్కనుంచి పోతూ ఆగారు. అలవాటు చొప్పున ఒకడు "ఆదాబ్ సార్" అని, అంతలోనే సర్దుకుని, "నమస్కారం సార్" అన్నాడు.

వీరేశం చెయ్యి నుదుటి దాకా లేచింది. అక్కడే ఆగింది. దించి రెండు చేతులూ జోడించాలో, అలాగే ఉంచాలో తెలియక, సుద్దముక్క పట్టుకున్న ఆ చేత్తోనే పొండి పొండి అన్నట్టు ఊపాడు.