తిప్పేష్‌కు వేసిన జడ

తిప్పేష్ మా అన్న సుబ్బన్న కుడి మణికట్టు విరగ్గొట్టాడు. వాడి కుడి మణికట్టు నేను విరగ్గొడతానని ఒట్టు పెట్టుకున్నాను.

తిప్పేష్‌ది నీళ్ల ట్యాంకర్ల దందా. కంబదూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో బోరు బాగుంటే ఆ ఊళ్లో వాడి ట్యాంకరును ఎవరూ పిలవరు. అందుకని వాడి మనుషులు మా ఊరి బోరులో రాళ్లు వేశారు. అడ్డం పోయినవాడు మా అన్న ఒక్కడే. తిప్పేష్ ఇనుప రాడ్డుతో కొట్టాడు. మా అన్న కోలాటం గురువు. ఆ చేత్తోనే ఊళ్లో సగం మందికి కోపులు, అంటే ఆటలోని అడుగుల వరసలు, నేర్పాడు. కట్టు కట్టిన డాక్టరు, ఇక ఈ చేయి కోల పట్టదన్నాడు.

మా కోలాటం గుంపులో అందరూ ముసలివాళ్లమే. ఒకరికి మోకాళ్లు, ఒకరికి చూపు, నాకు ఆయాసం. కొట్లాట మాకు చేతకాదు. చేతనైంది జడకోపు. పైనుంచి తాళ్లు వేలాడదీసి, తలా ఒక తాడు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో కోల కొడుతూ, ఒకరు లోపలికి ఒకరు బయటికి తిరుగుతాము. నడుమ తాళ్లు జడలాగా అల్లుకుంటాయి.

తిప్పేష్‌కు సర్పంచి కావాలని ఆశ. నేనే పోయి పిలిచాను.

"తిప్పేషన్నా, ఊరంతా నీకు సన్మానం చేయల్లనుకుంటాండాము. జడకోలాటం ఆడతాము. నువ్వు నడుమ నిలబడల్ల."

"మీ అన్నకు కోపం లేదా?"

"ఆయప్ప ముసిలోడు. నీతో పెట్టుకుని ఏం చేస్తాడు?"

వాడు నవ్వి నా వీపు తట్టాడు. తట్టిన చోటు ఇంటికి వచ్చేదాకా మండింది.

ఆదివారం పొద్దున తెల్లచొక్కా వేసుకుని, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ఎండిపోయిన ఊరి ట్యాంకు కింద, దూలానికి తాళ్లు కట్టాము. నడుమ తిప్పేష్, మెడలో కనకాంబరాల దండ.

"దండం పెట్టన్నా, ఫొటోకు బాగుంటాది," అన్నాను. పెట్టాడు.

నా భార్య అక్కమ్మ పాట ఎత్తుకుంది. మేము తిరిగాము. అల్లిక వాడి తలమీదుగా భుజాలకు, భుజాలనుంచి నడుముకు దిగింది. వాడి మనిషి బయ్యన్న ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

"అన్నా, దేవుని మాదిరి ఉండావు!"

"శానా బిగువుగా ఉండాది రా," అన్నాడు తిప్పేష్.

"బిగువుంటేనే జడ. దండం దించొద్దు," అన్నాను.

మోకాళ్ల దాకా అల్లి, కొసలు ముడివేశాము. అప్పటికి వాడికి అర్థమైంది.

"రేయ్, ఊపిరాడల్లేదు! కొట్టండి రా వీళ్లను!"

నలుగురూ రాడ్లు తీసి మీదికి వచ్చారు. మేము ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోయాము. మా గుంపులోని ఓబుళేసు చేతిలో కోల జారి కిందపడింది. ఎవరిని ఎక్కడ కొట్టాలో మాకేం తెలుసు?

"ఏమప్పా, నిలబడితిరి? రెండో కోపు!" అని అరిచి, అక్కమ్మ పాట మార్చింది.

పాట చెవిలో పడగానే కాళ్లు వాటంతట అవే కదిలాయి. రెండో కోపులో కుడికి తిరిగి ఒకటి, వంగి ఒకటి, వెనక్కి ఒకటి కొట్టాలి. ఎదుటివాడి కోల ఉండవలసిన చోట బయ్యన్న మోచేయి ఉంది. వంగిన చోట ఇంకొకడి మోకాలు ఉంది. వాళ్లు రాడ్డు దించేసరికి మేము అక్కడ ఉండము, తిరిగిపోయి ఉంటాము. చూపు ఆనని ఓబుళేసు కోల వెతుక్కుని అందరికంటే బాగా కొట్టాడు. ఆయన మనిషిని చూడడు, తాళం వింటాడు.

నలుగురూ నేలమీద పడ్డారు. బయ్యన్న పాక్కుంటూ అక్కమ్మ దగ్గరికి పోయాడు.

"పాట ఆపవ్వా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఇంకో చరణం ఉండాది నాయనా," అంది అక్కమ్మ.

నేను కోల పట్టుకుని తిప్పేష్ ముందుకు వచ్చాను. దండం పెట్టిన చేతులు తాళ్ల సందులోంచి బయటికి పొడుచుకుని ఉన్నాయి. కుడి మణికట్టు చూసుకున్నాను.

"వద్దు సుంకప్పన్నా! రాళ్లు తీపిస్తా. కంప్రెషర్ బండి పిలిపిస్తా, ఇప్పుడే!"

"పిలిపించు. అది ఊరికి. ఇది మా అన్నకు." కోల ఎత్తాను.

"సుంకా, ఆగు," అన్నాడు అన్న, కట్టు చేయి పట్టుకుని వస్తూ.

"ఆగను."

"విరగ్గొడితే వానిది కొన్ని నెల్లకు అతుక్కుంటాది రా. నాది అతుక్కోదు." నా చేతిలో కోల ఎడమచేత్తో లాక్కున్నాడు. "నేను ఈ చేత్తో మొదటినుంచి నేర్చుకోవల్ల. నాకు జోడీ కావల్ల."

"ఎంతసేపు గురువా?" అన్నాడు తిప్పేష్.

"నాకు వచ్చేదాకా."

మొదటి దెబ్బ తిప్పేష్ భుజం మీద పడింది. అన్న తల అడ్డంగా ఊపాడు.

"తాళం తప్పినాది. పాడు తల్లీ అక్కమ్మా, మొదటి కోపు, నిదానంగా."

రెండోది మోచేతి మీద పడింది. అదీ తప్పే. పిల్లలకు చెప్పినట్టు తనకు తానే చెప్పుకుంటూ, అడుగు సరిచేసుకుంటూ, మళ్లీ కొట్టాడు.

బయ్యన్న ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి కంప్రెషర్ బండి వచ్చింది. బోరులోంచి రాళ్లూ బురదా ఎగిరిపడ్డాయి. ఊరంతా బిందెలతో అటు పరిగెత్తింది. నేను పోలేదు.

"నీళ్లు వచ్చినాయి గదా, విప్పు సుంకప్పన్నా," అన్నాడు తిప్పేష్.

అన్న వైపు చూశాను. చెమట కారుతోంది. చెయ్యి విరిగినాక ఆయన నవ్వడం అదే మొదలు.

"వంగి కొట్టేది ఇంకా కుదరల్లేదు రా," అన్నాడు.

నేను తాళ్లు ఇంకొంచెం బిగించాను.