అంబులెన్సుకు మంచి బోణీ

ఇకమీదట రోడ్డు మీద దెబ్బ తగిలి ఎవరూ చావరట. పోలీసులు, ఆసుపత్రి, అంబులెన్సు ముగ్గురూ ఒక్కటై పనిచేస్తారట. కొత్త అంబులెన్సు ప్రారంభమని ఛత్రినాక మైదానంలో పొద్దున్నుంచీ మైకులో అదే ఊదర. ప్రసూతి దవాఖాన నర్సు లీలమ్మ కూడా, ఖర్మ కాలి, నిజమే అనుకుంది.

అంతలో మైదానం ముందే లారీ గుద్దేసింది. పడింది రిక్షా ఆగయ్య. పన్నెండేళ్లుగా ఆమెను రోజూ డ్యూటీకి దించే మనిషి. తొడ నుంచి రక్తం ధారగా పోతోంది. లీలమ్మ కొంగు చింపి బిగించి కట్టి, అంబులెన్సు దగ్గరికి పరుగెత్తింది.

బండికి పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. లోపల ఒళ్లంతా కట్లు, కట్ల మీద ఎర్రసిరా, దున్నపోతులాంటి కానిస్టేబుల్ ఎల్లప్ప పడుకుని బత్తాయి తొనలు తింటున్నాడు.

"దిగు భాయ్! బయట మనిషి పోతున్నడు!"

"ఎట్ల దిగుత సిస్టరమ్మా? ఇయ్యాల మంత్రిగారికి జూపెట్టే పేషెంటును నేనే."

ఈ తతంగానికంతటికీ పెద్ద ఆఫీసరు వైకుంఠం అడ్డం వచ్చాడు. "ఇంక కొబ్బరికాయ గూడ కొట్టలే. కొత్త బండికి సచ్చేటోనితోని బోణీ జేస్తరా? గట్లయితే ఇగ రోజూ పీనుగులే మోస్తది. గందుకే గట్టి మనిషిని పండవెట్టినం."

"అంబులెన్సుకు బోణీ ఏందయ్యా? థూ, నువ్వు సదివింది మన్నుల గలవ!"

ఆయన గడియారం చూసుకున్నాడు. మంత్రిగారు ఇంకా ఇంటి నుంచే బయలుదేరలేదు.

కూరగాయల కాశమ్మ వంకాయలన్నీ రోడ్డు మీద కుమ్మరించి తన తోపుడు బండి ఇచ్చింది. ఆగయ్యను పడుకోబెట్టి ఇద్దరూ తోశారు. "మెల్లగ తొయ్యి అమ్మా, నీకు తక్లీఫైతది," అంటాడు ఆ పిచ్చి మనిషి దారంతా.

ఆసుపత్రి గేటు దగ్గరే డాక్టర్లు, రక్తం సీసాలు, తెల్లదుప్పటి పరిచిన మంచం సిద్ధంగా ఉన్నాయి. లీలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ మంచం అంబులెన్సులో వచ్చే పేషెంటుకమ్మా. మీరు లైన్లో ఉండండి," అన్నాడు పెద్ద డాక్టరు.

లీలమ్మ కాళ్లు పట్టుకుంది. నోటికొచ్చినట్టు తిట్టింది. ఒక్క వెధవా కదల్లేదు. చివరికి సైరన్ వినిపించగానే అందరూ అటు ఉరికారు. ఆగయ్య మాట అప్పటికే ఆగిపోయింది.

"ఎనిమిదే నిమిషాలు సార్! పేషెంటు సేఫ్!" వైకుంఠం మంత్రిగారి పక్కన ఫోటోకు ఛాతీ విరిచి నిలబడ్డాడు.

లీలమ్మ ఆగయ్య కళ్లు మూసింది. నేరుగా వెళ్లి, నెత్తుటి చేతులు రెండూ వైకుంఠం తెల్లచొక్కాకు తుడుచుకుంది.