ఉడికిన విత్తనం

ఉడకబెట్టిన పల్లి మొలవదు. మా తండాలో పాలు తాగే పిల్లను లేపి అడిగినా చెబుతుంది. నా మొగుడు నరేందర్‌కు మాత్రం పట్టలేదు.

ఆ సాయంత్రం నేను గూడూరు అంగడి నుంచి వచ్చేసరికి వాకిట్లో పొయ్యి మండుతోంది. పెద్ద గంజులో ఉప్పునీళ్లు తెర్లుతున్నాయి. వార్డు మెంబరు ఎన్నికల్లో నిలబడ్డాడు కదా మా దొర, దోస్తులంతా చాపల మీద కూర్చుని పొగలు కక్కే పల్లికాయలు ఒలుచుకు తింటున్నారు. దూలానికి కట్టిన నా విత్తనాల సంచి ఖాళీగా వేలాడుతోంది.

నా ఒళ్లు మండిపోయింది. పెళ్లప్పుడు మా అమ్మ నా ఒడిలో పోసిన పిడికెడు పల్లికాయల సంతతి అది. మొదటి ఏడు ఒక్క సాలు వేశాను. మరుసటి ఏడు ఒక మడి. పువ్వు వాడి, ఊడ మట్టిలోకి దిగి, కాయ కట్టేదాకా ఆ చుట్టుపక్కల కోడిని కూడా తిరగనివ్వలేదు. నిరుడు సంచి నిండింది. ఈసారి చెలక మొత్తం వేద్దామనుకున్నాను. ముందే ఒలిస్తే పప్పు సత్తువ పోతుందని పొట్టుతోనే దాచాను. తెల్లారితే ఒలవడానికి కూలివాళ్లు వస్తారు. ఏం ఒలవాలి వాళ్లు, నా తలకాయా?

"ఎవర్నడిగి సంచి దించినవ్?" అన్నాను.

"నల్గురి ముందట గట్ల ఒర్రుతవేందే? పల్లీలే గద. ఇత్తనాలు దుకాణంల దొరుకుతయి," అన్నాడు నరేందర్.

"మా యాడి ఒడిల పోసినయి ఏ దుకాణంల దొరుకుతయి?"

అంతలో ఒక దోస్తు చెయ్యి చాచాడు. "వదినా, ఉప్పు మంచిగ పట్టింది. ఇంకిన్ని ఎయ్యి."

పొయ్యిలో కట్టె లాగి గంజును బోర్లించాను. ఉప్పునీళ్లు నిప్పుల మీద బుసబుసమన్నాయి. దోస్తులు చెప్పులు చేతపట్టుకుని ఉరికారు.

గుడిసెలోంచి మా అత్త జమ్లీ బయటికొచ్చింది. "ఓట్లు పోతయి పిల్లా, జర ఊకో," అంది.

ఆ కోపం ఆమె మీదికి మళ్లింది. వానకాలమంతా ఆ సంచిలో చెయ్యి పెట్టింది ఈవిడే. నేను పొలానికి పోగానే పిడికెడు తీసి పొయ్యిలో వేయించుకునేది. వేగిన పల్లి వాసన దాగుతుందా? ఒకరోజు మధ్యలో వచ్చి పట్టుకుని, తండా అంతా వినేలా తిట్టాను.

"నువ్వు మాట్లాడకు. సగం దొంగవు నువ్వే," అన్నాను.

అత్త వెనక్కి తిరిగింది. లోపలికి పోయి, తన ట్రంకుపెట్టె వెనక నుంచి ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా పల్లికాయలు. పచ్చివి.

"దొంగనే. నువ్వు తిట్టినంక గూడ తీసిన. ఏంచుకుందామంటె వాసన నీ ముక్కుకు తగుల్తదని భయం. గట్లనే ఉన్నయి," అంది.

తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. నా నోటికి భయపడ్డ ముసలామె దగ్గరే నా విత్తనం మిగిలింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. అత్త నా పక్కన కూర్చుని బూడిదలో పడ్డ ఉడికిన కాయలు ఏరసాగింది. వృథా చేయడం ఆమెకు చేతకాదు.

తెల్లారి కూలివాళ్లను వెనక్కి పంపి, మేమిద్దరమే ఒలిచాం. పలచటి ఎర్ర పొర చిరిగితే పప్పు మొలవదని అత్త గోళ్లు తగలకుండా ఒలిచింది. ఒక మడికి సరిపోయాయి. మళ్లీ రెండో ఏటికి వెనక్కి పోయినట్టే. పంట రాగానే మొదటి కాయలు నీకే వేయించి పెడతానని అత్తకు చెప్పాను.

మేం విత్తనం పెడుతుంటే నరేందర్ గట్టు మీద చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నీళ్లు నేను పెట్టాల్నా?" అన్నాడు.

"పెట్టు. ముందుగాల వేలు ముంచి చూడు," అన్నాను. "కాగిన నీళ్లేమో."