ఊపిరుండగానే

డాక్టర్ సుందరరాజు నలభయ్యో చీటీ మీద మందు పేరు రాసి, దాని కింద గీత గీసి, తల ఎత్తకుండానే "తర్వాత" అన్నాడు. ఆయన కళ్ళజోడు కుడి కాడ విరిగి ఆరు నెలలైంది. దాని బదులు తెల్ల దారం చెవి చుట్టూ తిరిగి ఉంది. గోడ మీద కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం, ఇద్దరు పిల్లల నవ్వుముఖాలు. కింద బల్ల మీద తల్లుల చంకల్లో ఏడుస్తున్న అసలు పిల్లలు. మూల స్టవ్ మీద గిన్నెలో సూదులు మరుగుతున్నాయి.

ముందుకొచ్చిన ముసలాయన మడమకు గుడ్డ చుట్టుకున్నాడు. నాగలి కర్రు దిగిందట.

"ఎ.కొండూరు నించండి. ఆదిశేషయ్యంటారు. నన్ను గుర్తుపట్టలా?"

"లేదు."

"ఎట్టా పడతార్లెండి. చచ్చినోళ్ళలో ఏసేశారు గదా!"

వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ముసలాయనకు హుషారు వచ్చింది.

"రెండేళ్ళ కిందట వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మంచంలో ఏసుకొచ్చారండి. నాడి చూసి, ఊపిరుండగానే ఇంటికి తీసుకుపొండి అన్నది తమరే. మావాళ్ళు కట్టెలు గూడా కొట్టించారు. నే చావకపోయేసరికి ఏడాది పొడుగునా ఆ కట్టెల మీదే వండుకు తిన్నాం!"

బల్ల మీది ఆడవాళ్ళు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నర్సు మాణిక్యమ్మ పళ్ళెం పట్టుకునే నవ్వింది. సుందరరాజు కూడా నవ్వాడు గాని ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"మరి ఎలా తగ్గింది?"

"ఏవుందండీ. అందరూ తులసినీళ్ళు పోసి చుట్టూ కూచున్నారు. మా మూడో కోడలు కాస్త పిచ్చిది. మావయ్యకి ఆకలేమోనని గంజిలో ఉప్పేసి చెంచాతో పోస్తానే ఉందంట. అంతే."

డాక్టరు గాయం కడిగి, కట్టు కట్టి, సూది వేశాడు. ముసలాయన కుంటుకుంటూ దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆయనలో కోపం అన్నదే లేదు. అదే సుందరరాజుకు ఎక్కడో గుచ్చుకుంది.

ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో బయట పోయిన మనిషిని గడప ఎక్కనివ్వరు. పొలిమేర నుంచి అటే కాటికి తీసుకెళ్ళాలి. కొన ఊపిరితోనైనా ఇంటికి చేరితే సొంత మంచం, నలుగురి కన్నీళ్ళు దక్కుతాయి. అందుకని రోగిని దింపీ దింపకముందే అందరూ అడిగేది ఒకటే. 'ఉంటాడా? ఉండకపోతే ఇప్పుడే చెప్పండి, తీసుకుపోతాం.'

సుందరరాజు చదివింది పాత ఎల్.ఎం.పి. చదువు. పై చదువుకు రెండుసార్లు కట్టి రెండుసార్లూ తప్పాడు. ఇరవై ఆరేళ్ళ నౌకరీలో పెద్ద ఆపరేషనేదీ చేయలేదు, పేపర్లో ఫొటో పడలేదు. పన్నెండేళ్ళ కిందట రెడ్డిగూడెంలో పనిచేసేటప్పుడు, జ్వరంతో వచ్చిన అయిదేళ్ళ పిల్లవాణ్ణి చూసి "ఫర్వాలేదు, ఉంచండి" అన్నాడు. సాయంత్రానికి పిల్లవాడు పోయాడు. ఆ రోజు వాన. ఊళ్ళోకి తేవడానికి వీల్లేదన్నారు. కట్టెలు ఆరేదాకా మామిడితోటలో పడుకోబెట్టారు. వాడి ముఖం మీద వాన పడకుండా తల్లి కొంగు చాపి పట్టుకుని కూర్చుంది. ఆ దారిన సైకిలు మీద వస్తూ సుందరరాజు చూశాడు. దిగలేదు.

ఆ తర్వాత ఆయన మరి అలా ఉంచమనలేదు. ఏ కాస్త సందేహం ఉన్నా ఇంటికి తీసుకెళ్ళమనేవాడు. అలా చెప్పిన మనుషులు ఆ రాత్రికో మర్నాటికో పోయేవారు. "సుందరరాజు డాక్టరు నోట మాట వచ్చిందంటే తిరుగులేదు" అని పేరు వచ్చింది. ఆయన బతుకులో వచ్చిన పేరు అదొక్కటే. "మీరు దేవుడిలా మాట్లాడటం మానుకోండి" అని భార్య హన్నమ్మ ఎన్నోసార్లు అంది. బళ్ళో పంతులమ్మ, ఆమెకు తప్పు దిద్దడం అలవాటు.

ఇంటికి పోయాక వాళ్ళకు మందు ఆపేస్తారు. గంజి ఆపేస్తారు. తులసినీళ్ళొక్కటే పోస్తారు. పోయినవాళ్ళు జబ్బుతో పోయారా, తన మాటతో పోయారా? నెలకొకరు అనుకున్నా పన్నెండేళ్ళకు ఎంతమంది? ఆయన లెక్క కట్టబోయి, చాలించి, మరో చీటీ అందుకున్నాడు.

పదకొండు దాటాక పెనుగొలను నుంచి బాడుగ కారు వచ్చి మెట్ల దగ్గర ఆగింది. వెనక సీటు నిండా పాత చీరలు, వాటిలో ఒక అమ్మాయి. తలకు గుడ్డ, చెవుల్లో దూది, ముఖం సున్నం కొట్టినట్టు. పేరు ప్రమీలారాణి, ఇరవై ఏళ్ళు. తెల్లవారుజామున మగపిల్లాణ్ణి కంది. మాయ పడకపోతే మంత్రసాని లాగిందట. సగమే వచ్చింది. అప్పటి నుంచీ నెత్తురు ఆగలేదు. మొగుడు సీతారామారావు ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. పాతికేళ్ళుండవు, చొక్కా ముందుభాగమంతా తడిసిపోయి ఉంది. వెనక అత్తగారు వెంకాయమ్మ, చేతిలో మరో పాతచీర.

అరగంటలో సుందరరాజు చేయగలిగిందంతా చేశాడు. మోచేతి దాకా చెయ్యి కడుక్కుని మిగిలిన మాయ తీశాడు. సూది వేశాడు. సెలైను సీసా ఎక్కించాడు. కారడం తగ్గింది. కాని పోయినదాన్ని మళ్ళీ ఎక్కించడానికి ఇక్కడ చుక్క రక్తం లేదు. అది బెజవాడలో ఉంది, కారులో రెండు గంటల పైన.

"అరవై కూడా సరిగ్గా వినపడటం లేదు సార్" అంది మాణిక్యమ్మ, బీపీ చూస్తూ.

ప్రమీలారాణి కళ్ళు తెరిచింది. "చలేస్తంది అక్కా" అంది నర్సుతో. కాసేపాగి, "వాడికి పాలెవరిస్తన్నారత్తా?" అంది.

"మీ తోడికోడలు ఇస్తందిలే. దానికీ చంటిది ఉందిగా. నువ్వు మాట్టాడమాక" అంది వెంకాయమ్మ. తర్వాత డాక్టర్ని వరండాలోకి రమ్మన్నట్టు చూసింది. కొడుకూ వెంట వచ్చాడు.

"బాబూ, ఒక్కమాట చెప్పండి. ఉంటదా?"

నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. అది అంటే చాలు, కారు వెనక్కి తిరుగుతుంది, ఎవరూ తనను ఏమీ అనరు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు సుందరరాజు.

వెంకాయమ్మ నమ్మలేనట్టు చూసింది. "తమకి తెలీకపోవడం ఏంటండీ? మా ఊళ్ళో అందరూ చెబుతారే!"

"తెలీదు. బెజవాడ తీసుకెళ్ళండి. నెత్తురెక్కిస్తే బతకొచ్చు."

"దారిలో పోతే? పురిటిమనిషి. పొలిమేర కూడా దాటనివ్వరు. పసివాడి పక్కన ఒక్కపూట పడుకోకుండా పోద్ది. అప్పుడు తమరొచ్చి చెబుతారా మా ఊరోళ్ళకి?"

"నువ్వూరుకో అమ్మా" అన్నాడు సీతారామారావు. "డాక్టరుగారు బతకొచ్చన్నారు. బెజవాడే."

కుదుపులకు తట్టుకోవాలంటే ఇంకో సీసా ఎక్కాలి, అది అయ్యాక బయల్దేరమన్నాడు డాక్టరు. అలా అనడం మంచిదో, ఆ క్షణమే పంపించెయ్యడం మంచిదో ఆయనకు తెలియదు. అడుగుదామంటే ఆ ఊళ్ళో మరో డాక్టరు లేడు. ఇంటి నుంచి వచ్చిన క్యారియరు బల్ల మీద అలాగే ఉంది. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, చుక్కలు చూస్తూ కూర్చున్నాడు. నాడి దారప్పోగులా తగులుతోంది. మధ్యలో ఒకసారి గట్టిపడినట్టే అనిపించింది. "డెబ్భై, సార్" అంది మాణిక్యమ్మ. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

రెండు గంటలకు ఆమెను దుప్పటితో సహా ఎత్తి కారులో పెట్టారు. సీతారామారావు సీసాను కారు తలుపు పైన గుడ్డపేలికతో కడుతున్నాడు. డ్రైవరు యోసేపు ముందు చక్రం తన్ని చూస్తున్నాడు. వెంకాయమ్మ అటువైపు ఎక్కి కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. సుందరరాజు వంగి చివరిసారి నాడి పట్టుకున్నాడు.

తగల్లేదు. వేళ్ళు జరిపాడు. మెడ దగ్గర చూశాడు. స్టెతస్కోపు పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. కనురెప్ప ఎత్తి చూసి, తనే మూశాడు. ఏ శబ్దమూ లేకుండా, మెట్లకూ కారుకూ మధ్య ఆ నాలుగడుగుల్లో ఎక్కడో, అయిపోయింది.

ఎవరికీ తెలియదు. తను నిజం చెబితే యోసేపు ఎక్కించుకోడు. శవాన్ని మోస్తే మళ్ళీ ఆ బండిలో ఎవరూ కూర్చోరని భయం. ఎడ్లబండి మీద పొలిమేర దాకా, అక్కణ్ణుంచి అటే కాటికి. మొగుడి చెవిలో చెబుదామా? ఈ కుర్రవాడి ముఖం ఏ రహస్యాన్నీ రెండు నిమిషాలు దాచలేదు. ఇక్కడే గొల్లుమంటాడు.

సుందరరాజు నడుం ఎత్తాడు. "ఊపిరుంది. ఇంటికి తీసుకెళ్ళండి."

పేలిక ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. "ఇంటికా? ఇందాక బెజవాడన్నారుగా?"

"అన్నాను. ఇప్పుడు లాభం లేదు."

"ఊపిరుందంటారు, లాభం లేదంటారు! ఊపిరుంటే లాభం లేకపోవడం ఏంటండీ? యోసేపూ, ఎక్కు! బెజవాడే పోనీ."

సుందరరాజు వెళ్ళి డ్రైవరు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. జీవితంలో ఆయన ఎవరి దారికీ అడ్డం నిలబడలేదు.

"ఇందాక నేను చెప్పింది తప్పు బాబూ. వచ్చినప్పుడే ఇంటికి పంపాల్సింది."

"మీరు డాక్టరేనా అసలు?" సీతారామారావు ఆయన చొక్కా పట్టుకున్నాడు. దారం తెగి కళ్ళజోడు ఒక చెవికి వేలాడింది. "మూడు గంటలు ఇక్కడ కూచోబెట్టి! అప్పుడే పోయుంటే ఈపాటికి బెజవాడలో ఉండేవాళ్ళం. మీరు చంపుతున్నారు దాన్ని. ఊపిరున్న మనిషిని చంపుతున్నారు!"

సుందరరాజు చెయ్యి విడిపించుకోలేదు. ఈ కుర్రవాడు ముసలివాడయ్యే దాకా ఈ మాటే అనుకుంటాడని మాత్రం ఆయనకు తెలుసు.

కారులోంచి వెంకాయమ్మ గొంతు వినిపించింది. "ఎక్కరా నాయనా. పసివాడు ఎదురు చూస్తన్నాడు."

ఆమె అరచేయి కోడలి గడ్డం కింద ఉంది, నోరు తెరుచుకోకుండా పట్టుకున్నట్టు. తల గుడ్డను ముఖం మీదికి కాస్త లాగింది. డాక్టర్ని ఒక్కసారి చూసింది.

"మంచిమాట చెప్పారు బాబూ" అంది. "ఊపిరుంది."

సీతారామారావు ఏడుస్తూ ఎక్కాడు. సీసాను చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. యోసేపు అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూసి, శిలువ గుర్తు వేసుకుని, బండి తిప్పాడు. తిప్పింది పెనుగొలను వైపే.

మాణిక్యమ్మ రిజిస్టరు తెచ్చింది. "ఏం రాయమంటారు సార్?"

"రెండూ ఇరవైకి ప్రాణంతో వెళ్ళిందని రాయి."

ఆమె కలం పట్టుకుని నిలబడింది. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒక్క తప్పుడు మాటా రాయించలేదు. ఆమె చేతిలోంచి కలం తీసుకుని తనే రాశాడు, కింద గీత గీశాడు, సంతకం పెట్టాడు. మధ్యాహ్నం రోగులు అప్పుడే ఇద్దరు ముగ్గురు వరండాలో చేరారు. "రమ్మను" అన్నాడు.

మాణిక్యమ్మ మంచం శుభ్రం చేయడానికి లోపలికి వెళ్ళింది. నెత్తుటి గుడ్డలు బకెట్లో వేసి దిండు ఎత్తింది. బాలింత తల దగ్గర ఇనుము ఉండాలని వెంకాయమ్మ ఎప్పుడు దాచిందో, రెక్సిను పరుపు మీద జానెడు కొడవలి ఉంది. దాని పిడికి ఇంకా ఒక పచ్చగడ్డి పరక అంటుకునే ఉంది.