రెండు నెలలని రాసెయ్

ఆగండి, ఆగండి, ఒక్క రెండు నిమిషాలు విని వెళ్లండి. నేను పెంపుడు జంతువుల ఆసుపత్రిలో అసిస్టెంట్‌ని. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఇప్పుడు బయట హాల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. లోపల నా ముందు టేబుల్ మీద ఒక కుక్కపిల్ల ఉంది. దాన్ని ఆయన చేతికి ఇవ్వాలో వద్దో పావుగంటలో తేల్చుకోవాలి.

మొదటి నుంచి చెప్తాను. సెలవుల్లో బావ వాళ్లమ్మకి సర్‌ప్రైజ్ ఇచ్చాడు. అత్తయ్యకి అప్పటికి మోకాలి ఆపరేషన్ అయి నెలన్నర. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. వాకర్ పట్టుకుని వంటింటి దాకా వెళ్లడమే పెద్ద ప్రయాణం. ఆవిడ అడిగిందేమిటి? "ఆదివారం ఒకసారి వచ్చి పోరా" అని. ఈయన ఇచ్చిందేమిటి? మిక్సీ అట్టపెట్టెలో కుక్కపిల్ల. గాలి కోసం పెట్టెకి చిల్లులు కూడా పెట్టాడు. మహా తెలివైనవాడు కదా, ఆ చిల్లుల మీదే మెరుపు కాగితం చుట్టాడు!

పెట్టె తెరిచేసరికి అది గజగజ వణుకుతోంది. "అబ్బా, ఎంత ముద్దుగా ఉందో!" అన్నారు అందరూ. అంతలో బావ, "ఛ, వీడియో రికార్డవలేదు, మళ్లీ లోపల పెట్టండి" అన్నాడు. పెట్టారు. రెండోసారి అత్తయ్య సరిగ్గా ఆశ్చర్యపోలేదట. మూడోసారీ పెట్టారు.

"అమ్మా, కాస్త నోరు తెరువు!"

"తెరిస్తే తిట్లే వస్తాయిరా," అంది అత్తయ్య. అందరూ పడీపడీ నవ్వారు.

ఆ వీడియోకి ఎన్ని లైకులొచ్చాయో బావకి ఇప్పటికీ కంఠస్థం. ఏ టీకా ఎప్పుడో అడగండి, తెల్లమొహం.

సాయంత్రానికి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇంట్లో మిగిలింది మెట్లు దిగలేని ఒక మనిషి, మెట్లు దిగితే తప్ప ఒంటికి పోలేని ఒక జీవి. రెండు నెలల్లో అది వాకర్ కాళ్ల రబ్బర్లన్నీ కొరికేసింది. మొన్న ఆ వాకర్ జారి అత్తయ్య పడింది, మణికట్టు విరిగింది. ఫోన్ చేస్తే కన్నకొడుకు మొదటి మాట: "కుక్కకేం కాలేదు కదా? ఎవరికైనా ఇచ్చేద్దాం."

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ అమ్మ సొమ్ము కొడుకు దానం.

ఇందాక దాన్ని చంకన పెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. "శుభ్రంగా స్నానం చేయించు మరదలా, గోళ్లు కూడా తీయి. రేపు మా బాస్ కూతురి పుట్టినరోజు."

"వాళ్లు అడిగారా బావా?"

"అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుందే? ఆ, ఇంకోటి. టీకాల కార్డు కొత్తది రాయి. వయసు రెండు నెలలని రాసెయ్. లేకపోతే పాతది అంటగట్టాననుకుంటారు."

"నాలుగు నెలలు దాటింది. ముందు పాలపళ్లు ఊడుతున్నాయి."

"మా బాస్ పళ్లు లెక్కపెడతాడా ఏంటి?"

"వేసిన టీకాలే మళ్లీ మొదటి నుంచి వేస్తారు బావా."

"వెయ్యనీ, మంచిదేగా!"

దున్నపోతు మీద వాన. పైగా లేచి వెళ్తూ, "రాయనంటే చెప్పు, దార్లో మార్కెట్ దగ్గర దించేసి పోతా. తర్వాత మీ అక్క దగ్గర ఏడవకు" అన్నాడు, చిరిగిన చెప్పుల గురించి మాట్లాడినంత తేలిగ్గా.

అత్తయ్యకి ఫోన్ చేశాను. "నేను పెంచలేనమ్మా, ఇంకోసారి పడితే లేపే దిక్కు లేదు. కానీ వాడి చేతికి మాత్రం ఇవ్వకు. కన్నదాన్ని, నేనే చెప్తున్నా," అంది.

నేనుండేది హాస్టల్లో. అక్కడ చేపపిల్లని కూడా ఉంచనివ్వరు. డాక్టర్‌గారు ఎల్లుండి దాకా రారు, ఆయన ముద్ర మాత్రం నా సొరుగులోనే ఉంది. నిజం రాస్తే ఇది మార్కెట్లో బండ్ల మధ్య. అబద్ధం రాస్తే ఇంకో ఇల్లు, ఇంకో వీడియో. దాచేస్తే మా అక్కకి ఇంట్లో రోజూ సతాయింపు. ఇదేమో తడి ఒంటితో నా చున్నీ అంచు నమిలేస్తోంది, దాని గురించే ఇంత గొడవని తెలీక.

"అయిందా మరదలా? నాకవతల పనులున్నాయి!"

కార్డు ఖాళీగా ఉంది. వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది. చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?