ఒక్క వీపు

కొండ మీద సరస్సు ఉంది. దాన్ని ఆపుతున్నది ఎవరూ కట్టిన ఆనకట్ట కాదు, ఎప్పుడో భూకంపానికి విరిగిపడిన కొండచరియ. అది జారితే కింద బర్తాంగ్ లోయలో ఇల్లన్నది మిగలదని అందరికీ తెలుసు. తెలిసిందని పొయ్యి వెలిగించడం మానేస్తారా?

సవ్సన్ మాత్రం అది జారితే పెట్టాల్సిన పరుగును రోజూ మనసులో పరిగెత్తేది. పిండి పిసుకుతూ, పాలు పితుకుతూ. ఊళ్లో హెచ్చరిక సైరన్ మోగుతుంది. కూతురు షబ్నం తనంతట తానే పరిగెత్తగలదు. చంటివాడు అలీంను వీపున కట్టుకోవాలి. మోకాళ్లు పడిపోయిన అత్త గుల్‌సిఫత్‌ను కూడా వీపునే మొయ్యాలి. ఉన్నది ఒక్క వీపు. మొగుడేమో రష్యాలో ఇటుకలు మోస్తున్నాడు. ఆలోచించి ఆలోచించి చివరికి పిల్లవాణ్నే ఖాయం చేసుకుంది. ఆనాటి నుంచి అత్తకు టీ అందించాలంటే మొహం చెల్లేది కాదు. ఇంటెడు చాకిరీకి అలవాటుపడ్డ ఒళ్లు ఈ ఒక్క ఆలోచనకు అలిసిపోయింది.

"ఏమే, తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నావు?" అనేది గుల్‌సిఫత్.

"ఏం లేదత్తా. నిద్ర చాల్లేదు."

"నీ వయసులో నేను నడుస్తూ నిద్రపోయేదాన్ని."

ఆప్రికాట్లు ఎండబోసే రోజుల్లో, పట్టపగలు సైరన్ మోగింది. షబ్నాన్ని కొండదారి పట్టించి, అలీంను వీపుకు కట్టుకుంది సవ్సన్. అంతవరకూ అనుకున్నట్టే జరిగింది. తర్వాత కాళ్లు వాటంతటవే అత్త గదికి పరిగెత్తాయి. తలుపు తోసింది. లోపల గడియ వేసి ఉంది.

"అత్తా, తలుపు తియ్యి! ఇద్దర్నీ మోస్తాను!"

"మోస్తావు, గాడిదవి మరి! పో, పిల్లల్ని ఎక్కించు!"

సవ్సన్ మళ్లీ తలుపు తొయ్యలేదు. కొండ ఎక్కుతూ దారంతా ఏడ్చింది. భయంతో కాదు. గడియ పడి ఉందని తెలియగానే గుండె తేలికపడినందుకు.

ఊరంతా పైకి చేరాక, సైరన్ చూసుకునే దౌలత్‌షో రొప్పుతూ వచ్చాడు. "తీగలు కలిసి మోగిందట. సరస్సు కుదురుగానే ఉంది. తిట్టేవాళ్లు వరసలో రండి." తిట్టే ఓపిక ఎవరికీ లేదు. దిగిపోయారు.

గుల్‌సిఫత్ తలుపు తీసి గడప దగ్గర కూర్చుని ఉంది. పాకివచ్చిన దుమ్ము బట్టల నిండా ఉంది.

"ఎంతమందిమి చచ్చాం?" అంది.

"నవ్వులాట కాదత్తా. నిన్ను వదిలేసి పోయాను."

"పొమ్మన్నాను, పోయావు. నా మాట విన్నది ఇదే మొదలు."

"ఇవాళ కాదత్తా. ఎన్నాళ్ల నుంచో మనసులో వదిలేస్తూనే ఉన్నాను."

ముసలామె బట్టల దుమ్ము దులుపుకుంది.

"నాకు కళ్లు లేవనుకున్నావా? అందుకే, నువ్వు చేలోకి పోయినప్పుడల్లా పాక్కుంటూ వచ్చి గడియ వెయ్యడం అలవాటు చేసుకున్నా. రేపు నిజంగానే వరద వచ్చి, జనం అడిగితే, ముసలిది తలుపు తియ్యలేదని చెప్పు. అబద్ధం కాదుగా."

"మళ్లీ మోగితే?"

"మళ్లీ వేస్తా."

వద్దు అనే మాట సవ్సన్ నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది. అత్త ఒళ్లో తలపెట్టి భోరుమంది.