పుంజీకి ఒక్క నొక్కు

నేను ఒక టాలీ కౌంటర్‌ను. గుప్పిట్లో ఇమిడే ఉక్కు డబ్బీని. బొటనవేలితో మీట నొక్కితే నా కిటికీలో ఒక అంకె పెరుగుతుంది. అబద్ధమాడే భాగమేదీ నన్ను చేసినవారు నాలో బిగించలేదు. ఆ పని మనుషులు స్వయంగా చూసుకుంటారు.

మొదట ఒక రాజకీయ సభలో గేటు దగ్గర పనిచేశాను. వచ్చినవారు ఎనిమిది వందలు. నిర్వాహకుడు తీరిగ్గా కుర్చీలో కూర్చుని నన్ను ఐదువేల దాకా నొక్కాడు. మనుషులను పెంచగలిగినవారు పక్షులను తగ్గించగలరని అప్పటికి నాకు తెలియదు.

తరువాత కాకినాడలో ఒక పక్షి ప్రేమికుల సంఘానికి చేరాను. చలికాలంలో వలస వచ్చే సీగల్ పక్షులు తీరంలోని ఇసుకదిబ్బపై నిద్రించి, తెల్లవారగానే చేపల రేవుకు ఎగిరిపోయి, సాయంత్రానికి తిరిగివస్తాయి. ఏటా ఒకనాడు తెల్లవారుజామున వాటిని లెక్కించి నమోదు చేయడం సంఘం నియమం. కార్యదర్శి విస్సంరాజు గారు విశ్రాంత ఇంజనీరు; ఆయనకు తెల్లవారుజాము చలి పడదు. అందుచేత దిబ్బపై చేపలు ఎండబెట్టే మైలపల్లి ఎల్లారమ్మ చేతిలో నన్ను పెట్టారు.

ఆ ఏడు ఒక కంపెనీ జెట్టీ కోసం ఆ దిబ్బను అడిగింది. సంఘం లెక్కలో ఐదువేలకు మించి పక్షులుంటే దిబ్బను ముట్టుకోబోమని అధికారులు మాట ఇచ్చారు. పక్షులు నిలిస్తేనే ఎల్లారమ్మకు చేపలు ఆరవేసుకునే చోటు నిలుస్తుంది.

ఆ గణన నాడు పక్షుల గుంపంతా ఒక్కసారిగా లేచింది. ఎల్లారమ్మ చేపలను లెక్కించే తీరులోనే, పుంజీకి, అంటే నాలుగింటికి, ఒక్క నొక్కు చొప్పున నొక్కింది. నా కిటికీలో 1512 నిలిచింది.

"పుంజీకో నొక్కు నొక్కేనండి, బాబుగారూ. మర్చిపోకండేం," అంది, విస్సంరాజు గారి ఇంటి మెట్ల దగ్గర ఆయనకు నన్ను అప్పగిస్తూ.

"సరేలేవమ్మా," అన్నారాయన ఫోనులోంచి తల ఎత్తకుండా. నివేదికలో 1512 అని వేసి, "నేను స్వయంగా లెక్కించాను" అని రాసి సంతకం చేశారు.

జెట్టీపై అధికారులు పెట్టిన విచారణ సభలో ఆ అంకె చదవగానే ఎల్లారమ్మ లేచి నిలబడింది. "అది నాలుగేసి లెక్కండీ! ఆరువేల పైచిలుకు పిట్టలండి!"

"ఏంటమ్మా, పిట్టల్ని కూడా పుంజీల్లెక్కన అమ్ముతున్నావా?" అన్నాడు కంపెనీ మనిషి. హాలంతా నవ్వింది.

"బాబుగారూ, మీకు సెప్పేను కదండీ! ఒక్క మాట సెప్పండి."

ఆయనకు గుర్తుంది. ఆయన చొక్కా జేబులో ఉన్న నాకు ఆ గుండె దడ వినిపించింది. నోరు విప్పితే ఆ సంతకం అబద్ధమవుతుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

జెట్టీ లేచింది. మరుసటి చలికాలం పక్షులు వచ్చి, కాంక్రీటుపై నాలుగు చుట్లు తిరిగి, వెళ్లిపోయాయట. ఎల్లారమ్మ ఇప్పుడు రోడ్డు అంచున, లారీల దుమ్ములో చేపలు ఎండబెడుతోందట. సంఘంవారు టీ తాగుతూ చెప్పుకుంటుంటే విన్నాను.

నన్ను సంఘం కార్యాలయంలో అద్దాల పెట్టెలో ఉంచారు. కింద చీటీ: "విస్సంరాజు గారు పక్షులను లెక్కించిన కౌంటర్". ఉప్పుగాలికి సున్నా చేసే మర బిగుసుకుపోయింది. ఎవరు ఎంత తిప్పినా 1512 చెరగదు. నా సాక్ష్యం నేను ఇస్తూనే ఉన్నాను. చూడవచ్చేవారిలో ఒక్కరైనా దానిని నాలుగుతో హెచ్చవేయాలి.